స్త్రీ జననాంగ విజ్ఞానము - దాని పూర్వచరిత్ర



సంస్కృతమున యోని యను పదము మిక్కిలి గౌరవము గలది. పుట్టినచోటు, మూలము, కారణము అని దాని యర్థము. జగత్కారణమైన పరబ్రహ్మమును చెప్పవలసినచోట వేదాంతులు సైత మీ పదమునే ప్రయోగించిరి. మా గురువుల తరమువారు దీనిని పాఠము చెప్పుటకు వెనుదీయలేదు. అట్టి పదమును నేడు మన యిండ్లలో పలుకుటకు పెద్దలు తల వంచుకొందురు. ఆడుబిడ్డకు అచట నేదేని బాధ కలిగినచో 'కడుపులో నొప్పి' యని వైద్యునికి చెప్పి, కడుపునొప్పికి మందు తెచ్చుకొనుట మన పల్లెలలో క్రొత్త గాదు. పేరు పలుకరాని యవయవమునకు వైద్యమును సరిగా జరుగనేరదు.

నేను బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవాడను, వైద్యుడను గాను. కావున నేను చెప్పబోవునది చికిత్స గాదు, చరిత్ర. స్త్రీశరీరమున ఈ భాగమును గూర్చి మనుష్యుల కెట్లు తెలిసినది, తెలియకపోవుటచే నేమి జరిగినది యనునవే నా విషయము. కోడలిని ఆసుపత్రికి పంపవలెనా, ఏ చికిత్స చేయింపవలెను అను నిర్ణయము మన గృహములలో తఱచుగా పెద్దలదే యగుచున్నది. అందుచే ఈ చరిత్ర యువకులకన్న మనబోంట్లకే ముందుగా కావలసియున్నది.

ముందుగా నిర్మాణమును నాలుగు మాటలలో చెప్పెదను. స్త్రీకి దిగువభాగమున మూడు ద్వారములు గలవు: ముందు మూత్రద్వారము, నడుమ యోనిద్వారము, వెనుక మలద్వారము. మొదటి రెండును ఒకటే యని తలచువారు చదువుకొన్న పురుషులలో సైతము పెక్కురు. యోనిద్వారమున కిరువైపుల రెండు జతల పెదవులవంటి మడత లుండును. వాని పరిమాణమును, వర్ణమును ఒక్కొక్క స్త్రీకి ఒక్కొక్క తీరు. ఒకవైపుది పెద్దదై యింకొకవైపుది చిన్నదై యుండుట స్వభావమే గాని రోగము గాదు. లోపలి మార్గము మూడు నాలుగంగుళముల పొడవు గల మెత్తని నాళము. దాని గోడలు మడతలు పడి యొండొంటిని తాకుచుండును; ప్రసవకాలమున శిశువు శిరస్సు పట్టునంత సాగును. దాని పైకొనను గర్భాశయముఖ ముండును. గర్భాశయము, అనగా మనవారు గర్భసంచి యనునది, కాడ క్రిందికి వచ్చునట్లు పట్టుకొన్న జామకాయవలె నుండును, పరిమాణమును దాదాపంతయే. దాని కిరువైపుల రెండు సన్నని నాళములును, వాని చెంత రెండు అండాశయములును గలవు. ఈ నాలుగు మాటలు స్థిరపడుటకు మానవులకు రెండువేల యేండ్లు పట్టినది.

మన ప్రాచీనులతో నారంభింతము. సుశ్రుతుడు శారీరస్థానమున మృతశరీరమును పరిశీలించు విధానమును చెప్పెను. సర్వావయవములును గల శవమును తెచ్చి, ప్రేవులలోని మలమును తీసివేసి, ముంజగడ్డి మొదలగువానితో చుట్టి, పంజరమున నుంచి, పాఱు నీటిలో మఱుగుచోట నేడు రాత్రులు నాననిచ్చి, పిమ్మట వట్టివేళ్లతోను వెదురుతోను చేసిన కుంచెలతో మెల్లగా రుద్దుచు, చర్మము మొదలుకొని యొక్కొక్క పొరను కన్నులార చూడవలెనట. చూడక చెప్పువాని మాట నమ్మరాదను ఈ నిష్ఠ ఆ కాలమునకు మిక్కిలి గొప్పది. ఐన నేడు రాత్రులు నీట నానిన దేహమున నెముకలు, స్నాయువులు నిలుచునుగాని, మెత్తని లోపలి యవయవములు రూపు చెడును. యోని శంఖపు నాభివలె మూడు చుట్లు గలదనియు, మూడవ చుట్టున గర్భాశయ మున్నదనియు, అది రోహితమత్స్యపు, అనగా మన శీలావతి చేప, నోటివలె నుండుననియు సుశ్రుతుడు చెప్పిన పోలికలు అందమైనవి. గర్భాశయముఖమును చేపనోటితో పోల్చుట కన్నులతో చూచినవానికిగాని తోచదు. మూడు చుట్లు మాత్రము శంఖముననేకాని శరీరమున లేవు.

చూచుటకు వారికి సాధనము కూడ గలదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున యంత్రములను చెప్పు అధ్యాయములో యోనివ్రణేక్షణ మను పరికరమును వర్ణించెను. పదునాఱంగుళముల పొడవు, నడుమ బోలు, నాలుగు రేకులు, వానిని బంధించు నుంగరము, తామరమొగ్గవంటి మొగము. అడుగున నొక్కినచో మొగ్గ విచ్చినట్లు రేకులు విచ్చును. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదక్రింద పూడిపోయిన ఇటలీదేశపు పాంపేయీ నగరమున త్రవ్వి తీసిన వస్తువులలో ఇట్టి పనికే యుపయోగించు కంచు పరికరము దొరకినది. నేడు ప్రసూతివైద్యురాలి బల్లమీద నుండునదియు దీని జ్ఞాతియే.

చరకుడు చికిత్సాస్థానమున ముప్పదవ యధ్యాయమును ఈ విషయమునకే కేటాయించి, ఇరువది యోనివ్యాపత్తులను, అనగా యోనిరోగములను, లెక్కించెను. అందు రెండింటిని చెప్పెదను. అచరణ యనునది కడుగుకొనకపోవుటచే జంతువులు పుట్టి దురద కలిగించు వ్యాధి. చరకునికి సూక్ష్మదర్శిని లేదు. ఆయన చెప్పిన జంతువులే నేటి శాస్త్రజ్ఞులు చూచు జీవులని వాదించుట పాండిత్యము గాదు, దురభిమానము. ఐనను శుభ్రతకును ఈ వ్యాధికిని సంబంధము గలదని ఆయన గ్రహించెను. రెండవది ప్రాక్చరణ. మిక్కిలి చిన్నవయసు బాలికకు పురుషసంయోగము కలిగినచో నడుము, తొడలు, యోని చెడునని చరకుడు దానిని ప్రత్యేకవ్యాధిగా నెంచెను. పదునాఱేండ్లు నిండని స్త్రీకి గర్భము కలిగినచో శిశువు కడుపులోనే నశించుననియో, పుట్టినను దుర్బలుడగుననియో సుశ్రుతుడును చెప్పెను. వైద్యగ్రంథము లిట్లు చెప్పుచుండగా, ధర్మము పేరున మనము ఎనిమిదేండ్ల పిల్లలకు పెండ్లిండ్లు చేసితిమి. 1889లో కలకత్తాలో ఫూల్మణి యను పది పదునొకండేండ్ల బాలిక భర్తవలన కలిగిన గాయముచే రక్తస్రావమై మరణించిన పిమ్మటగదా, 1891లో సమ్మతివయసును పదినుండి పండ్రెండేండ్లకు పెంచు చట్టము వచ్చినది! దానికిని శాస్త్రవిరుద్ధమని పండితులు అడ్డు చెప్పిరి. వారు చరకుని ముప్పదవ యధ్యాయమును చదువలేదని నేననను. చదివినను పనికి తెచ్చుకొనలేదు.

ఇచట నొక మాట గమనింపవలెను. స్వస్థయైన స్త్రీకి ఋతుస్రావ మెట్లుండవలెనో చరక సుశ్రుతు లిరువురును చెప్పిరి. నొప్పియు మంటయు లేక, గురిగింజవలెనో లత్తుకవలెనో యెఱ్ఱనిదై, అయిదు రాత్రులుండునది శుద్ధమైనదట. ఇది స్వస్థలక్షణము. కాని గ్రంథమున అధికభాగము రోగములకే పోయినది. అది సహజమే. వైద్యుని గుమ్మము తొక్కునది రోగిగాని ఆరోగ్యవతి కాదు. కావున ఆరోగ్యవతి శరీర మెట్లుండునో వైద్యునికి తెలియుట కష్టము. ప్రపంచమున నన్ని దేశముల వైద్యమునకును ఇదియే లోపమైనది.

యవనదేశమున నింకను వింతయైన భావము వ్యాపించియుండెను. గర్భాశయము సంతానమును కోరు ప్రాణివంటిదనియు, కోరిక తీరనిచో శరీరమంతట తిరుగాడి ఊపిరి సలుపనీయదనియు ప్లేటో తన తిమేయస్ అను గ్రంథమున వ్రాసెను. దానిని మరల స్వస్థానమునకు రప్పించుటకు ముక్కువద్ద దుర్గంధమును, క్రింద సుగంధధూపమును పట్టు వైద్యులుండిరి. క్రీ.శ. రెండవ శతాబ్దారంభమున రోమునగరమున వైద్యము చేసిన సొరానసు అనువాడు, గర్భాశయము బొఱియనుండి వెలువడు మృగము గాదని దీనిని ఖండించెను. ఐనను గర్భాశయమునకు గ్రీకుభాషలోని పేరునుండియే హిస్టీరియా యను పదము పుట్టి, స్త్రీలకు వచ్చు ప్రతి మనోవ్యాకులతకును చాలకాలము అంటగట్టబడినది. సొరానసు తరువాతివాడైన గేలెను కోతులను, పందులను కోసి చూచి, స్త్రీయవయవములు పురుషావయవములే లోపలికి మడవబడినవని సిద్ధాంతీకరించెను. ఆయన మాట యూరపులో పదునాలుగువందల యేండ్లు వేదవాక్యమైనది.

పదునాఱవ శతాబ్దమున ఇటలీలోని పాదువా విద్యాపీఠము ఈ వాక్యమును పరీక్షకు పెట్టినది. అచటి యాచార్యుడు వెసాలియసు 1543లో ప్రకటించిన మహాగ్రంథపు ముఖచిత్రమున, జనసమూహము నడుమ ఆయన ఒక స్త్రీ శవమును కోయుచుండుట కనబడును. అంతటివాడును ఆ గ్రంథములో యోనిని పురుషాంగమువలెనే చిత్రింపించెను. కన్నులు శవముమీదనే యున్నవి; మనసు గేలెనుమీద నున్నది. ఆయన తరువాతివాడైన ఫలోపియో 1561లో గర్భాశయనాళములను బాకాలవలె నున్నవని వర్ణించెను. అవి నేటికిని ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నవి. యోనికి ఆంగ్లమున నున్న వజైనా యను పేరు ఆ కాలపు ఇటలీ శారీరకుల గ్రంథములనుండి వచ్చినదే. లాటిను భాషలో దాని యర్థము కత్తి పెట్టుకొను ఒఱ. మన పూర్వులు పుట్టినచోటని పేరు పెట్టగా, వారు పురుషుని కత్తికి ఒఱ యనిరి! పేరులోనే దృష్టి తెలియుచున్నది.

ఫలోపియోయు, ఆయనకు ముందు 1559లో కొలంబో యనువాడును, పెదవులు కలియు పైచోట నుండు భగాంకురమను చిన్న యవయవమును తామే కనుగొంటిమని తగవులాడిరి. తమాషా యేమనగా, వెసాలియసు ఆరోగ్యవతులైన స్త్రీలకు అట్టి యవయవమే లేదని బదులు వ్రాసెను. ప్రతి స్త్రీకిని ఉన్న యవయవమును లేదనుటకు ఐరోపాలోనే గొప్ప శారీరకుడు సంకోచింపలేదు.

హాలెండు దేశమున డెల్ఫ్ట్ అను పట్టణము గలదు. అందు రెన్యె ద గ్రాఫ్ అను యువవైద్యుడు 1672లో స్త్రీజననాంగములనుగూర్చి గ్రంథమును ప్రకటించెను. అండాశయములోని చిన్న బుడగలను, మూత్రమార్గపు గ్రంథులను, భగాంకురమును ఆయన చూచినది చూచినట్లు వ్రాసెను. మఱుసటి యేడే ముప్పదిరెండేండ్ల వయసున చనిపోయెను. చనిపోవుటకు కొలదినెలలకు ముందు ఆయన మఱొక మేలు చేసెను. ఆ యూరనే బట్టల వర్తకము చేయుచు తీఱిక వేళల గాజుకటకములు సానపట్టుకొను లేవెన్‌హుక్ అనువానిని లండను రాయల్ సొసైటీవారికి లేఖద్వారా పరిచయము చేసెను. ఆ వర్తకుడే తన కటకములతో కంటి కగపడని సూక్ష్మజీవులను లోకమునకు చూపెను. ఈ రెండు దారులు, శరీరశాస్త్రమును సూక్ష్మజీవశాస్త్రమును, మరల కలిసికొనుటకు రెండు శతాబ్దములు పైగా పట్టినది. నడుమ 1836లో పారిసులో డోనే యను వైద్యుడు స్త్రీల స్రావమును కటకముక్రింద పెట్టి, అందీదులాడు ఏకకణజీవి నొకదానిని కనుగొనెను. దురదను, దుర్గంధస్రావమును కలిగించు ఒక వ్యాధికి అది కారణము.

ఇంతలో పందొమ్మిదవ శతాబ్దమున మత్తుమందు వచ్చినది. కత్తికి ధైర్యము కలిగినది. శస్త్రచికిత్స మేలును చేసినది. కష్టప్రసవమున చినిగి మూత్రము సదా కాఱుచు, ఇంటికిని ఊరికిని వెలియై బ్రతుకు స్త్రీలకు అమెరికాలో సిమ్స్ అను వైద్యుడు కుట్టువేయు విధానమును సాధించెను. కాని అతడు 1845 మొదలు 1849 వఱకు దానిని అభ్యసించినది నల్లజాతి బానిసస్త్రీల శరీరములమీద, మత్తు లేకుండ. అనార్కా, బెట్సీ, లూసీ యని మువ్వురి పేర్లు మాత్రము మిగిలినవి. అనార్కాకు ముప్పదిసార్లు కత్తి తగిలినది.

అది రోగమునకు చేసిన చికిత్స. రోగము లేనిచోట జరిగినది విందురుగాక. లండనులో బేకర్ బ్రౌన్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు, స్త్రీల మూర్ఛలకును చిత్తచాంచల్యమునకును భగాంకురమే కారణమని యెంచి, దానిని కోసివేయుచు 1866లో గ్రంథము వ్రాసెను. చాలమందికి ఏమి కోయబడుచున్నదో కూడ చెప్పబడలేదు. మఱుసటి యేట తోడి వైద్యులే ఆయనను తమ సంఘమునుండి బహిష్కరించిరి. అమెరికాలో బాటీ అనువాడు 1872 మొదలుకొని నరములబలహీనతకని ఏ దోషమును లేని అండాశయములను తీసివేయసాగెను. అతని జాడను పెక్కురు నడచిరి. వేలకొలది స్త్రీలు ఆ కత్తికి గుఱియైరి. వీరందఱును దుర్మార్గులు కారు. స్వస్థ మెట్లుండునో యెఱుగనివారు. బ్రౌను కోసివేసిన యవయవము పైకి కనబడునంత చిన్నది గాదనియు, దానిలో అధికభాగము లోపల నున్నదనియు జర్మనీలో కోబెల్ట్ 1844లోనే బొమ్మలు వేసి చూపియుండెను. ఆ బొమ్మలు మఱుగున పడిపోయి, 1998లో ఆస్ట్రేలియా వైద్యురాలు హెలెన్ ఓకానెల్ మరల శోధించి చూపవలసివచ్చినది. మా పాఠశాలలలో ప్రత్యుత్పత్తి పాఠము రాగానే 'ఇది యింటివద్ద చదువుకొనుడు' అని పుట త్రిప్పివేయుట నేనెఱుగుదును. శాస్త్రజ్ఞులును అట్లే పుట త్రిప్పిరి.

ఇక నా ప్రసంగమునకు ముఖ్యమైన ఘట్టము. 1892లో జర్మనీదేశపు లైప్జిగ్ నగరమున డోడెర్లైన్ అను ప్రసూతివైద్యుడు, రోగులనే గాక ఆరోగ్యవతులైన స్త్రీల యోనిస్రావమును కూడ పరీక్షించెను. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని రెండువేల యేండ్ల లోపమును తీర్చిన విషయ మిదియే. ఆరోగ్యవతుల స్రావమున నెందఱికో కడ్డీలవంటి ఒకజాతి సూక్ష్మజీవులు ఉండెను. ఆ స్రావము పుల్లనై యుండెను. ఆ పులుపులో రోగమును కలిగించు క్రిములు పెరుగజాలకుండెను.

దీని మర్మమును మన యిల్లాండ్రు సులభముగా గ్రహింపగలరు. పాలలో తోడు వేసినపుడు అందలి సూక్ష్మజీవులు పాలలోని తీపిని పులుపుగా మార్చి పెరుగు చేయును. పెరుగైన తరువాత పాలకున్న విఱుగుడు భయము దానికి లేదు. యోనిలోని జీవులును ఆ కుటుంబమునకు చెందినవే. యుక్తవయసున స్త్రీహార్మోనుల ప్రభావముచే యోనిగోడల కణములలో నొకవిధమైన పిండిపదార్థము నిలువయగును. ఆ పదార్థము నాధారము చేసికొని ఈ జీవులు లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. ఆ పులుపే కోటగోడ. రజస్వల గాకముందును, ముట్టుడిగిన తరువాతను హార్మోను తక్కువగుటచే ఆ పులుపును తగ్గును. పోలిక చెప్పితినని పెరుగు తెచ్చి అచట పూయుదురేమో. అది చికిత్స గాదు.

కావున యుక్తవయసు స్త్రీకి తెల్లనిదో, నీటివలె నిర్మలమైనదో, ఇంచుక పుల్లని వాసన గలదో యైన స్రావము కలుగుట శరీరము చేసికొను పని; నోటిలో లాలాజలము ఊరుటవంటిది. నెలనడుమ అండము విడుదలయగు దినములలో అది కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగుచు నధికమగును. గర్భిణికిని అధికమగును. దీనినే మనవారు తెల్లబట్ట యని పేరుపెట్టి, ఎముకలు కరిగిపోవుచున్నవని భయపడుదురు. ఎముకలు కరుగవు. దురద, మంట, చేపకంపు, పచ్చని లేక పసుపుపచ్చని రంగు, విఱిగిన పాలవంటి గడ్డలు, పొత్తికడుపు నొప్పి, ముట్టుడిగిన పిదప రక్తము, సంయోగానంతరము రక్తము - ఇవి రోగచిహ్నములు. వీనికి వైద్యురాలిని చూడవలెను. అందును పెక్కు మాత్రలతో కుదురునవే.

డోడెర్లైన్ చెప్పినది లోకమున కెక్కుటకు చాలకాలము పట్టినది. 1920ల తరువాత అమెరికాలో, నేల కడుగు లైసాల్ మందును నీటిలో కలిపి స్త్రీలు లోపల కడుగుకొనవలెనని పత్రికలలో ప్రకటనలు వెలువడెను. భర్త ప్రేమ తగ్గుటకు భార్య శుభ్రముగా నుండకపోవుటయే కారణమని వానిలో సూచన. ఎందఱో స్త్రీలకు లోపల కాలి పుండ్లు పడినవి, కొందఱు మరణించిరి. మన యంగళ్లలో అందమైన సీసాలలో అమ్మబడు సుగంధద్రవములును ఆ వంశమువే. యోని తన్నుతాను శుభ్రపఱచుకొనును. వెలుపలిభాగమును మంచినీటితో కడుగుకొనిన చాలును; లోపల సబ్బుగాని మందునీరుగాని పోసినచో ఆ మేలుచేయు జీవులు చచ్చి, కోట తెఱచుకొనును.

మన ప్రాంతమున ఈ విద్య స్త్రీల చేతికెట్లు వచ్చినదో కొంచెము చెప్పవలెను. పరపురుషుడు చేయి పట్టి చూచుటయే దోషమని గృహిణులు వైద్యము లేకయే మరణించు కాలమది. మంత్రసాని యొక్కతెయే దిక్కు. 1875లో మదరాసు వైద్యకళాశాల స్త్రీలకు ప్రవేశమిచ్చినది. మేరీ షార్లీబ్ అను న్యాయవాది భార్యయు, మఱి మువ్వురును చేరిరి. ఆమె ప్రయత్నమువలన 1885లో మదరాసున గోషాస్త్రీలకు ప్రత్యేకముగా విక్టోరియా ఆసుపత్రి వెలసినది. గుంటూరునకు 1883లో వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా కూగ్లర్ 1898లో అచట స్త్రీల ఆసుపత్రిని తెఱచి, 1930లో ఆ గుంటూరులోనే కన్నుమూసెను. ముత్తులక్ష్మీరెడ్డి మదరాసు కళాశాలనుండి 1912లో పట్టము పొందెను. విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి కుమార్తె అచ్చమాంబగారు వైద్యురాలై బెజవాడలో పేరుపొంది, 1957లో పార్లమెంటునకు సైతము ఎన్నికయైరి. వీరు వచ్చిన పిమ్మటనే ఆరోగ్యవతియైన తెలుగు స్త్రీ తన సందేహమును మఱొక స్త్రీ నడుగగలిగినది.

న్యాయస్థానములును ఈ విద్య నేర్చుకొనవలసివచ్చినది. యోనిద్వారమున నుండు పలుచని మడతను మనవారు కన్నెపొర యందురు. అది ద్వారమును మూసియుంచు తలుపని జనులు తలతురు. కాని పుట్టుకతోనే దానికి రంధ్ర ముండును. దాని ఆకారమును బట్టి కన్నెఱికమును నిర్ణయించుట సాధ్యము గాదు. ఐనను అత్యాచారమునకు గుఱియైన స్త్రీలను వ్రేళ్లతో పరీక్షించి శీలనిర్ణయము చేయు నాచారము మన దేశమున కొనసాగినది. అది స్త్రీ గౌరవమునకు భంగమని 2013లో సుప్రీంకోర్టు చెప్పినది. 2022లో, అట్టి పరీక్ష చేసినవారు దోషులగుదురని మరల చెప్పవలసివచ్చినది.

బాటీ కథను విని, అది పరదేశపు పాతకథ యని మీరు తలచియుందురు. 2015-16లో జరిగిన నాలుగవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణమున 15 మొదలు 49 ఏండ్ల వఱకు గల స్త్రీలను, గర్భసంచి తీయించుకొంటిరా యని ప్రశ్నించిరి. దేశమంతటి లెక్క నూటికి 3.2. తెలంగాణమున 7.7. ఆంధ్రప్రదేశమున 8.9, దేశమున నిదియే అన్నిటికన్న నధికము. తెలుగు స్త్రీల గర్భసంచులు తక్కినవారికన్న రెండింతలు మూడింతలు చెడిపోవునా? గడ్డలు, అదుపులేని రక్తస్రావము, కాన్సరు ఉన్నపుడు ఆ శస్త్రచికిత్స ప్రాణము నిలుపును; దానిని నేను నిందింపను. కాని తెల్లబట్ట యగుచున్నదని, అది కాన్సరుగా మాఱునని భయపెట్టగా, ముప్పదియేండ్ల కోడలికి 'పిల్లలు పుట్టిరిగదా, ఇక సంచితో పనియేమి' యని పెద్దలు తలయూపిన యిండ్లు ప్రతి మండలమునను గలవు. అప్పు చేసి తీయించినవారు గలరు. సంచితోపాటు అండాశయములను కూడ తీసినచో, ఏబదియేండ్లకు రావలసిన ముట్టుడుగు ఆ వారమే వచ్చును. ఎముకల బలము తగ్గును. గుండెజబ్బు ముందుగా దరిచేరును. అండాశయముల నుంచినను కొందఱికి అవి ముందుగా ఉడిగిపోవును. పొలమున వంగి పని చేయవలసిన స్త్రీకి ఇది చిన్న నష్టము గాదు. బీహారు, ఛత్తీస్‌గఢ్, రాజస్థానములలో జరిగిన యనవసర శస్త్రచికిత్సలనుగూర్చి ఒక వైద్యుడు వేసిన వ్యాజ్యమున, 2023 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, కేంద్రప్రభుత్వము 2022లో చేసిన నియమములను అన్ని రాష్ట్రములును మూడు నెలలలో నమలుపఱుపవలెనని యాజ్ఞాపించినది.

కాన్సరు భయము నిరాధారమని నేననుట లేదు. గర్భాశయముఖమునకు వచ్చు కాన్సరు మన దేశమున వేలకొలది స్త్రీలను చంపుచున్నది. కాని దానికి ముందుగా తెలిసికొను మార్గము గలదు; సంచిని కోసి పాఱవేయ నక్కఱలేదు. గ్రీసునుండి అమెరికా చేరిన పాపనికొలావు తన భార్య స్రావమును ఏండ్ల తరబడి సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించుచు, కణముల మార్పులనుబట్టి రోగమును పసిగట్టు విధానమును 1928లో చెప్పి, 1943లో గ్రంథముగా ప్రకటించెను. ఈ కాన్సరునకు మూలము ఒక వైరసని చూపిన జర్మను శాస్త్రజ్ఞుడు ట్సుర్ హౌసెన్‌కు 2008లో నోబెలు బహుమాన మిచ్చిరి. ఆ వైరసునకు టీకా వచ్చినది. 2022లో మన దేశమునందే తయారైన టీకాకు అనుమతి లభించినది. పల్లెలకు మిక్కిలి అనువైన పరీక్ష మాత్రము బొంబాయి టాటా ఆసుపత్రివారు 1998లో మొదలుపెట్టి, లక్షన్నర మంది పేదస్త్రీలలో నడిపినది. పదవ తరగతివఱకు చదివిన స్త్రీలకు శిక్షణ యిచ్చి, వారిచేతనే రెండేండ్ల కొకసారి పరీక్ష చేయింపగా, ఈ కాన్సరు మరణములు నూటికి 31 తగ్గినవని 2013లో ప్రకటించిరి. ముప్పది మొదలు అఱువదియైదేండ్లవఱకు గల స్త్రీలకు అయిదేండ్ల కొకసారి ఈ పరీక్ష చేయవలెనని ప్రభుత్వము 2016లో నియమము చేసినది. వైద్యశాలలో శిక్షణ పొందిన నర్సు, తామరమొగ్గవలె విచ్చు ఆ పరికరముతో గర్భాశయముఖమును చూచి, పలుచని పుల్లని ద్రావకమును దూదితో అద్ది, ఒక నిమిషము వేచియుండును. చెడుమార్పు లున్నచోటు తెల్లనై కనబడును. లేనిచో ఏమియు కనబడదు. కోత లేదు, మత్తు లేదు. ఫలితము ఆ బల్లమీదనుండి దిగకమునుపే తెలియును.